సవతి పడవకు కొత్త ఇంజను

మగాక్ కొత్త ఇంజను తెచ్చిన రోజు అతని పెద్దభార్య అదెరో పొయ్యి వెలిగించలేదు. ఇంజను తెచ్చినందుకు కాదు ఆ అలక. దాన్ని ఎవరి పడవకు బిగించాడన్నదే గొడవంతా. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి తిండి పెట్టింది అదెరో పడవ. కొడుకులు లేని ఆమె తండ్రి ఒడెరా తన చేతులతో కట్టి, పోతూ పోతూ కూతురికి వదిలి వెళ్ళిన పడవ అది. మగాక్ సరస్సు ఒడ్డునున్న కిసుము పట్నం దాకా వెళ్ళి నలభై గుర్రాల శక్తి ఉన్న ఇంజను కొనుక్కుని దీవికి తిరిగొచ్చి, దాన్ని చిన్నభార్య అపోండి పేరు రాసిన కొత్త పడవకు బిగించాడు. అదెరో పడవను ఇసుక మొయ్యడానికి ఒక జీతగాడి చేతిలో పెట్టాడు.

అది జరిగి అయిదు రోజులైంది. ఈ అయిదు రోజుల్లో ఆ దీవిలోని సేనా రేవు నవ్వని పూట లేదు.

ఎందుకంటే కొత్త ఇంజను అరుస్తుంది గానీ పడవ కదలదు. పిడి తిప్పగానే పడవ ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, వెనక భాగం నీళ్ళలో కూర్చుంటుంది, ఇంజను చుట్టూ నీళ్ళు గొడుగులా చిమ్మి వెనక కూర్చున్నవాళ్ళను తలదాకా తడిపేస్తాయి. పాత పదిహేను గుర్రాల ఇంజనుతో అదెరో పడవ జనాన్ని ఎక్కించుకుని ఎంబిటా పట్నానికి గంటంపావులో వెళ్ళేది, ఈ కొత్త పడవ గంటన్నర తీసుకుంటోంది.

"నలభై గుర్రాల్లో ముప్ఫై అయిదు కిసుములోనే దిగిపోయినట్టున్నాయి మగాక్!" అని వలలు బాగుచేసుకునే ముసలి ఒబుయా రోజూ ఒకే మాట అంటున్నాడు. రోజూ అందరూ కొత్తగా విన్నట్టే నవ్వుతున్నారు.

అదెరో మాత్రం పైకి నవ్వలేదు. ఆమె రేవు పక్కన నేలమీద పాత వల పరిచి ఒమెనా చేపలు ఎండబెట్టుకుంటోంది. వేలెడంత లేని వెండి చేపలు. వాటిని చీపురుతో తిరగేస్తూ, పడవ వచ్చినప్పుడల్లా తలెత్తి చూసేది. చూసినప్పుడల్లా ఆమె లోపల ఒక చల్లని సంతోషం పాకేది. అంత సంతోషం తన కూతురు క్వింటర్ హోమాబేలో హైస్కూలు సీటు తెచ్చుకున్నప్పుడు కూడా కలగలేదని ఆమెకే తెలుసు. అందుకు సిగ్గుపడింది కూడా. సిగ్గుపడుతూనే మళ్ళీ చూసేది.

పడవ ముక్కు దగ్గర అపోండి కూర్చుని ఉండేది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఒంటిమీద కొత్త ఎర్రటి లైఫ్ జాకెట్. అది మగాక్ ఇంజనుతో పాటే కొన్నాడు. ఇరవై ఏళ్ళలో అదెరో ఎన్ని గాలివానల్లో ఆ సరస్సు దాటిందో లెక్కలేదు. తేలడానికి ఆమె నడుముకు కట్టుకున్నది ఎప్పుడూ ఖాళీ నూనె డబ్బానే. 'దీనికి జాకెట్ దేనికి, మునిగినా చేపలా ఈదుతుంది' అని నలుగురిలో గొప్పగా చెప్పేవాడు మగాక్. ఆ మాటకు తను మురిసిపోయిన రోజులు తల్చుకుంటే ఇప్పుడు అదెరోకు ఒళ్ళు మండుతోంది.

ఇంకో సంగతి. ఆ పడవ ఎందుకు పరిగెత్తడం లేదో ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది. పడవలు కట్టే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. వెనక లేస్తున్న నురగ చూస్తే చాలు. చెప్తే నిమిషం పని. చెప్పలేదు. చెప్పకుండా ఉండటంలో ఉన్న తీపి ఏ తేనెలోనూ లేదనిపించింది.

ఆ రోజు పొద్దున్న పది గంటలకు పడవ ఒడ్డుకు తగిలింది. జనం తిట్టుకుంటూ, బట్టలు పిండుకుంటూ దిగారు. మగాక్ ఇంజను ఆపి, మోకాలి లోతు నీళ్ళలోకి దూకి, నేరుగా అదెరో దగ్గరికి వచ్చాడు. నడిచి వచ్చిన తీరు చూసి ఒబుయా కూడా నవ్వడం మానేశాడు.

"ఏం చేశావే నా ఇంజనుకి?"

అదెరో చీపురు ఆపలేదు. "చేపలు తొక్కుతున్నావు. పక్కకి జరుగు."

"అడిగినదానికి చెప్పు! రేపు దవాఖానా సిస్టరు వాచీ పట్టుకుని వస్తుంది. గంటలోపల ఎంబిటా చేరిన పడవకే రోగుల్ని తీసుకెళ్ళే పని ఇస్తుంది. అది తెలిసే చేశావు కదూ? ఏం చేతబడి చేశావు పడవకి? ఏ ఆకులు, ఏ వేర్లు?"

రేవు మొత్తం చెవులు రిక్కించింది. అదెరో లేచి నిలబడింది. రెండు చేతులూ చాచి అతని మొహం ముందు పెట్టింది.

"చూసుకో. చేప పొలుసు తప్ప ఏమీ లేదు."

"నీ కడుపుమంటే చాలు. ఈ అయిదు రోజులూ నువ్వు చూసిన చూపులు నేను చూడలేదనుకున్నావా? ఎంబిటా వెళ్ళి మెకానిక్‌ని తీసుకొస్తా. వాడు ఇంజను బాగానే ఉందన్నాడో, సాయంత్రం పెద్దల్ని పిలిపిస్తా. నీ మంట సంగతి వాళ్ళే తేలుస్తారు. మీ నాన్న ఊరికి దారి నీకు గుర్తుందిగా?"

అంతే. తిరిగి చూడకుండా, అప్పుడే బయల్దేరుతున్న వేరేవాళ్ళ పడవ ఎక్కి వెళ్ళిపోయాడు. మాట ఇంకా రేవులోనే ఉండిపోయింది. పక్కన చేపలు ఎండబెట్టుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు తమ వలలను మెల్లగా, ఏమీ ఎరగనట్టు, అవతలికి లాక్కున్నారు. అదెరో అది చూసింది. చేపలు అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది.

*

మధ్యాహ్నం ఆమె ఇంట్లో, చల్లారిన గంజి ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. గుమ్మంలో నీడ పడింది. అపోండి. అదే ఆవరణలోని చిన్నింటికి కోడలిగా వచ్చి మూడేళ్ళయినా ఈ పెద్దింటి గడప ఇంతవరకూ తొక్కలేదు.

"రావచ్చా అక్కా?"

"ఇల్లు మీ ఆయనదే కదా. నన్నడుగుతావేం?"

అపోండి లోపలికి వచ్చి, పీట వెయ్యకముందే నేలమీద కూర్చుంది. కూర్చుంటూనే అంది.

"పడవకి ఏమైందో నీకు తెలుసు."

"ఆకులు పెట్టానుగా. వినలేదా?"

"విన్నాను. ఆకులు లేవు, వేర్లు లేవు. అందరూ మేం తడిసిపోవడం చూసి నవ్వుతారు. నువ్వు మా వంక చూడవు. ఇంజను వెనక నీళ్ళు ఎక్కడ లేస్తున్నాయో చూస్తావు. ముక్కు దగ్గర కూర్చుని నేను చేసే పని అదే కదక్కా, నిన్ను చూడటం."

అదెరో గంజి గిన్నె పక్కన పెట్టింది. "నన్ను చూడటం దేనికి? నాకు ఎర్ర జాకెట్ కూడా లేదే!"

ఆ మాట నోరు జారింది. అపోండి నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"ఆ జాకెట్ ఎందుకు కొన్నాడో తెలుసా? నాకు ఈత రాదు కాబట్టి. తాడు విసిరితే అందుకోలేను. కెరటం వస్తే కళ్ళు మూసుకుంటాను. ఇంట్లో పడుకునేటప్పుడు కూడా నీ మాటే. 'అదెరో అయితే గాలి వాసన పట్టేది. అదెరో అయితే చీకట్లో కూడా రేవు చూపించేది.' తిట్టినట్టే అంటాడు. కానీ అనకుండా ఉండలేడు. మూడేళ్ళుగా వింటున్నానక్కా. నీమీద మంటతో నాకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో నీకేం తెలుసు?"

తను కుళ్ళుకుంటున్న మనిషి తనమీదే కుళ్ళుకుంటోందని వినడం అదెరోకు ఎంత వింతగా ఉందో, లోపల ఎక్కడో అంత హాయిగానూ ఉంది. ఆ హాయిని మొహంలో కనబడనివ్వలేదు.

"మరి ఇప్పుడెందుకొచ్చావు? నన్ను పంపించేస్తే నీకే మంచిది కదా."

"మా అమ్మనీ ఇలాగే అన్నారు," అంది అపోండి, నేల వంక చూస్తూ. "ఆకులూ వేర్లూ అన్నారు. పొరుగింటి ఆవు చచ్చిపోయిందని. మొదట పక్కవాళ్ళు చాపలు అవతలికి లాక్కున్నారు. ఆ తర్వాత రాళ్ళు. ఇందాక రేవులో వాళ్ళు వలలు జరిపారు. నేను చూశాను."

అదెరో లేచి, మూల నుంచి తండ్రి సామాను పెట్టె బయటికి లాగింది. రంపం, ఉలి, చిత్రిక, బర్మా. ఇనుప వస్తువులన్నిటికీ నూనె రాసి ఉంది.

"చేస్తాను. ఒకటే షరతు. రేవులో, పగటిపూట, అందరూ చూస్తుండగా చేస్తాను. అయ్యాక పిడి నేనే పట్టుకుంటాను. నీ పడవ కదా, నువ్వు చెప్పు."

అపోండి ఒక్క క్షణం ఆగింది. తన పడవ పిడి సవతి చేతికివ్వడం ఆమెకీ బాధేనని అదెరో గమనించింది.

"సరే అక్కా. నా పడవ. నేను చెప్తున్నా."

*

పడవను సగం ఇసుక మీదికి లాగించి, అదెరో నీళ్ళలో వెల్లకిలా పడుకుని దాని అడుగు తడిమి చూసింది. ఇంజను కాలు పొడుగుది. పడవ వెనక బల్ల పొట్టి ఇంజను కోసం కట్టినది. నీళ్ళలో తిరిగే పంకా పైనుండే పలక పడవ అడుగుకు సమానంగా ఉండాలి. ఇది అయిదంగుళాలు కిందికి దిగిపోయి, లాగాల్సింది పోయి నీళ్ళకు అడ్డంపడుతోంది. బిగించిన మగాక్ ఇంజను చూశాడే గానీ పడవ చూడలేదు.

"నిన్ను అయిదంగుళాలు గుంటలో నిలబెట్టి పరిగెత్తమంటే పరిగెత్తుతావా?" అని అపోండిని అడిగింది. "ఇదీ అంతే. దీన్ని పైకెత్తాలి."

గట్టి దుంగ ఒకటి కోసి, చిత్రిక పట్టి, వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. బర్మాతో కన్నాలు వేసింది. అపోండి, ఒబుయా, ఇంకో ఇద్దరు కలిసి ఇంజను ఎత్తి కొత్త ఎత్తులో పెట్టారు. జనం చుట్టూ మూగారు. పొద్దున వలలు జరిపిన ఆడవాళ్ళు కూడా వచ్చారు.

బోల్టులు బిగించడం మిగిలింది. నాలుగు. మూడు బిగించాక నాలుగోదాని దగ్గర అదెరో చెయ్యి ఆగింది.

పడవ నుంచి కొత్త రంగు వాసన వస్తోంది. పక్కన పలకమీద తెల్లటి అక్షరాలు, అపోండి పేరు. తన పడవ మీద తన పేరు ఎప్పుడూ రాయించలేదు మగాక్. ఈ నాలుగో బోల్టు వదిలేస్తే, మరో బోల్టు కొంచెం వదులు చేస్తే, రేపు నడి సరస్సులో సిస్టరు చూస్తుండగా నలభై గుర్రాలూ నీళ్ళ అడుగుకు వెళ్ళిపోతాయి. ఎవరికీ తెలియదు. దుంగ ఊగిందంటారు, అంతే.

ఆవలివైపు నుంచి అపోండి రెండు చేతులతో బోల్టు తలను కదలకుండా పట్టుకుని ఉంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. "తిప్పక్కా, పట్టుకున్నా," అంది.

అదెరో తిప్పింది. చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పింది. తర్వాత మొదటి మూడూ ఇంకోసారి బిగించింది, తనమీద తనకే నమ్మకం లేనట్టు.

ఇంజను వాలు సరిచేసే సీల తీసి ఒక కన్నం లోపలికి మార్చింది. వెనక ఉన్న పెట్రోలు డ్రమ్ము ముందుకు దొర్లించింది. "నువ్వు మధ్యలో కూర్చో. ముక్కు దిగాలి," అని అపోండికి చెప్పి, తాడు లాగింది.

మొదట నెమ్మదిగా. ఆ తర్వాత పిడి పూర్తిగా తిప్పింది. ముక్కు ఒకసారి లేచి, ఊగి, మెల్లగా కిందికి వంగింది. అంతవరకూ నీళ్ళను దున్నుతున్న పడవ ఒక్కసారిగా నీళ్ళ మీదికి ఎక్కింది. ఇంజను అరుపు సన్నబడి ఒకే శ్రుతికి వచ్చింది. వెనక చిమ్మే నీళ్ళు లేవు. తెల్లటి గీత ఒక్కటే, తాడు పరిచినట్టు. గాలికి అదెరో తలగుడ్డ ఎగిరి సరస్సులో పడిపోయింది. ఆమె ఆగలేదు. తకవిరి దీవి ఎదురొచ్చినట్టే వచ్చింది. అపోండి పడవ అంచు పట్టుకుని కేకలు పెడుతోంది, భయంతో కాదు. నలభై రెండేళ్ళ అదెరో కూడా నోరంతా తెరిచి నవ్వింది.

వెనక్కి తిప్పుతున్నప్పుడు తెల్లటి అక్షరాలు మళ్ళీ కంటబడ్డాయి. నవ్వు సగంలో ఆగింది. ఇంత బాగా పరిగెత్తేది తనది కాదు.

*

రేవులో జనం గుంపుగా ఉన్నారు. కానీ వాళ్ళు పడవ కోసం మూగలేదు. మంచం మీద ఒక ఆడమనిషి మూలుగుతోంది. పక్కన దవాఖానా సిస్టరు రిస్పర్.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఎంబిటాలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి, ఇప్పుడే," అంది సిస్టరు. "ఈ పడవేనా ఇందాక తకవిరి వైపు దూసుకెళ్ళింది?"

"నా పడవే," అన్నాడు మగాక్. అప్పుడే ఇంకో పడవలో తిరిగొచ్చాడు, ఒంటరిగా. మెకానిక్ రానన్నాడని మొహమే చెప్తోంది. నీళ్ళలోకి దిగి అదెరో చేతిలోని పిడి మీద చెయ్యి వేశాడు. "దిగు. నేను తీసుకెళ్తా."

"ఎవరు నడిపారు ఇందాక?" అంది సిస్టరు.

"అదెరో," అన్నాడు ఒబుయా. "బాగుచేసింది కూడా ఆమే. అయిదంగుళాల దుంగ, అంతే. ఆకులూ లేవు, వేర్లూ లేవు. మేమంతా చూశాం."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో మగాక్ మొహం నల్లబడింది.

"అయితే ఆమే నడుపుతుంది," అంది సిస్టరు. "ఆ ఇంజను ఇప్పుడెలా పోతుందో ఆమెకే తెలుసు. నేర్చుకునే టైము లేదు."

మగాక్ పిడి వదల్లేదు. గొంతు తగ్గించి, పెద్దభార్యకు మాత్రమే వినబడేలా మాట్లాడాననుకున్నాడు గానీ ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

"ఇరవై ఏళ్ళు నీ పడవలో జీతగాడిలా బతికాను. మగాక్ పడవ అని ఒక్కడు అనలేదు. ఒడెరా పడవ అన్నారు, అదెరో పడవ అన్నారు. చివరికి నాదంటూ ఒకటి చేసుకుంటే దాని మీదా నీ చెయ్యే పడాలా?"

అదెరో అతని వంక చూసింది. ఆమె ఇన్నాళ్ళూ ఇంజను అపోండి అందానికి ఇచ్చిన కానుక అనుకుంది. తన వయసు మీద, వాడిన మొహం మీద కోపం తెచ్చుకుని అద్దం కూడా తిప్పి పెట్టింది. తీరా చూస్తే అతను కుళ్ళుకున్నది ఆమె చేతుల్లో ఉన్న పనితనాన్ని చూసి. ఆ మాట విన్నాక ఏడవాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు.

"చెయ్యి తియ్యి," అంది మెల్లగా. "ఆమె చచ్చిపోతుంది."

"నన్ను ఒడ్డున నిలబెట్టి నువ్వీ పడవ నడిపావంటే, మళ్ళీ నా గేటు లోపలికి రాకు."

అపోండి ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. ఇల్లంతా ఆమెది అయిపోతుంది. పెద్దింటి తలుపుతో సహా. అదెరో ఆమె వంక చూడలేదు. చూస్తే ఆ ఆశ ఆమె కళ్ళలో కనబడుతుందేమోనని భయపడింది.

"సిస్టర్, ఎక్కించండి," అంది అపోండి. "పడవ మీద నా పేరుంది."

*

మగాక్‌ను ఒడ్డునే వదిలి, యాభై నిమిషాల్లో ఎంబిటా చేరారు. మనుషులు మంచం ఎత్తుకుని పరిగెత్తారు. సిస్టరు పోతూ పోతూ తన వాచీ చూసుకుని, "రేపు ఇంకో పరీక్ష అక్కర్లేదు," అని అరిచింది.

రేవులో, పడవలో ఇద్దరే మిగిలారు. ఎండ ఇంకా ఉంది. కాల్చిన చేపల వాసన వస్తోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అదెరోకు అప్పుడు గుర్తొచ్చింది.

అపోండి ఫోను మోగింది.

మగాక్. తెరమీద పేరు దూరం నుంచే కనబడింది. అంత జరిగాక కూడా అదెరోకు మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే. ఆమెకే చేశాడు. నాకు చెయ్యలేదు. ఆ ఆలోచనకు ఆమె తన్ను తానే తిట్టుకుంది.

అపోండి చాలాసేపు విన్నది. ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. ఫోను పెట్టేసి నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

"ఏమన్నాడు?"

"నిన్ను ఇక్కడే దింపేసి, పడవ తీసుకుని నన్నొక్కదాన్నే రమ్మంటున్నాడు. పొద్దు గూకేలోపల. వస్తే జరిగిందంతా మర్చిపోతానన్నాడు. పెద్దిల్లు నాకే ఇస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

అపోండి లేచి, ఊగుతున్న పడవలో తడబడుతూ వెనక్కి వచ్చి, అదెరో చెయ్యి ఇంకా ఆనుకుని ఉన్న పిడి మీద తన చెయ్యి పెట్టింది.

"అక్కా," అంది. "దీన్ని నడపడం నాకు నేర్పు. ఇప్పుడే."

అదెరో ఆమె మొహంలోకి చూసింది. తనను ఇక్కడ వదిలేసి పోవడానికా, తనతో కలిసి నడపడానికా, ఎంత చూసినా ఆ కళ్ళలో ఏముందో అంతు పట్టలేదు.